రంగము వెళ్ళినవారు, నడచి వచ్చినవారు

శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము జిల్లాల పల్లెలలో వృద్ధుల నోట నేటికిని "రంగము" అను మాట వినబడుచుండును. వారి వాడుకలో రంగమనగా రంగూను నగరము. ఆ పేరుతోనే బర్మా దేశమంతయును. "వాళ్ళ తాత రంగము పోయినాడు" అన్నచో సముద్రము దాటి సంపాదనకు పోయినాడని అర్థము. "రంగము నుండి నడచి వచ్చినారు" అన్నచో అది 1942వ సంవత్సరపు మాట యని వేరుగ చెప్పనక్కరలేదు.

మన సంఘ సభ్యులలో పలువురము బదిలీలపై ఊరు మారినవారమే. క్రొత్త పట్టణమున దిగుట, క్వార్టరు కొరకు వేచియుండుట, పిల్లలకు పాఠశాల వెదకుట, ఇరుగుపొరుగుల భాష నేర్చుట మనకు తెలిసిన కష్టములే. కాని మన చేతిలో బదిలీ ఉత్తరువు ఉండును. ప్రయాణపు భత్యము ఉండును. చేరవలసిన చోట మన పేరు వ్రాసిన కుర్చీ ఉండును. ఇవి యేవియు లేక, సర్వము పోగొట్టుకొని, తెలియని పట్టణమున బ్రతుకు మొదలుపెట్టిన ఒక కుటుంబమును గూర్చి వ్రాయుటకు ఈ సంచికయందు పూనుకొంటిని. అది మా అమ్మమ్మగారి పుట్టినిల్లు. వారి పేర్లు ఏ గ్రంథమునందును లేవు, ఇచటను వ్రాయను. వారివంటి కుటుంబములు వేలకొలదిగ నుండెను గనుక ఒక్కరి కథ అందరికిని చెల్లును. అయితే ఆ కథ తెలియుటకు ముందు తెలుగువారు రంగూనునకు ఎట్లు చేరిరో తెలియవలెను.

బ్రిటిషువారు 1824, 1852, 1885 సంవత్సరములలో ఆరంభమైన మూడు యుద్ధములతో బర్మాను వశపరచుకొని, దానిని హిందూదేశములో ఒక రాష్ట్రముగ చేర్చిరి. ఐరావతీ నదీముఖమందలి అడవులు, చిత్తడి నేలలు క్రమముగ వరి మళ్ళయ్యెను. 1869లో సూయజు కాలువ తెరచిన పిదప ఆ బియ్యమునకు ఐరోపా విపణి మరింత దగ్గరయ్యెను. బియ్యపు మరలకు, టేకు కోత మిల్లులకు, రేవునకు, రైళ్ళకు మనుష్యులు కావలసివచ్చిరి. బంగాళాఖాతమునకు ఈవలి ఒడ్డున కోరంగి, కాకినాడ, విశాఖపట్టణము, భీమునిపట్టణము, కళింగపట్టణము రేవులు ఉండనే యున్నవి. వానలు తప్పిన సంవత్సరమున, షావుకారు అప్పు పెరిగిన సంవత్సరమున పల్లెలోని యువకునకు సముద్రమే దారియయ్యెను.

గోదావరి ముఖమునగల కోరంగి ఒకప్పుడు గొప్ప ఓడరేవు. 1839 నవంబరు 25న వచ్చిన పెనుతుపాను ఆ రేవును ధ్వంసము చేసెను. అది పూర్వ వైభవమును మరల పొందలేదు. కాని దాని పేరు సముద్రము దాటి నిలిచినది. బర్మాలో తెలుగు కూలీలను, వారు ఏ జిల్లావారైనను, "కోరంగీలు" అనియే పిలుచుచుండిరి. తుపానులో చితికిన ఊరి పేరును, తరువాతి తరములవారు పరదేశమున తమ జాతి పేరుగ మోసిరి.

1920వ దశకపు చివరి సంవత్సరములలో ఏటేటా మూడు లక్షలకు పైబడి భారతీయులు రంగూను రేవున దిగుచుండిరి; ఇంచుమించు అంతమందియు తిరిగి పోవుచుండిరి. ప్రపంచములోని మిక్కిలి పెద్ద వలస రేవులలో రంగూను ఒకటి. 1931 జనాభా లెక్కల ప్రకారము రంగూనులోని 4,00,415 మందిలో భారతీయులు 2,12,929 మంది, అనగా సగమునకు పైన. బర్మా మొత్తమునందు భారతీయులు 10,17,825 మంది. అందు తెలుగువారు లక్షన్నరకు పైగా నుండిరి. వారిలో అత్యధికులు పురుషులు. ఇంటిదానిని వెంటబెట్టుకొని పోయినవారు బహు కొద్దిమంది. రేవున బస్తాలు మోసినవారు, బియ్యపు మరలలో పనిచేసినవారు, "లాంచా" యని పిలువబడు రిక్షాలను లాగినవారు ఎక్కువగ మన తీరమువారే.

వారిని తీసికొనిపోయినవాడు మేస్త్రీ. ఊరిలో అడ్వాన్సు ఇచ్చి, ఓడ టిక్కెట్టు కొని, పనిలో పెట్టి, కూలి తన చేతిమీదుగా ఇచ్చువాడును అతడే. ఆ అడ్వాన్సు తీరునప్పటికి మరియొక అప్పు మొలచెడిది. వలస కార్మికుల వ్యవహారములు చూచిన ఇ.జె.ఎల్. ఆండ్రూ అను అధికారి 1933లో రంగూనులోని భారతీయ శ్రామికులను గూర్చి ఒక గ్రంథమునే ప్రకటించెను. మేస్త్రీల పద్ధతి, అప్పుల బాధ, కిక్కిరిసిన బసలు అందు వర్ణింపబడినవి.

మా ముత్తాతగారు కళింగపట్టణము చేరువనున్న ఒక పల్లెనుండి 1920వ దశకములో ఇట్లే వెళ్ళిరి. తండ్రి చేసిన అప్పునకు నేల తనఖాలో ఉండెను. రంగూను రేవులో కళాసీగ చేరి, కొన్ని సంవత్సరములకు ఒక ముఠాలో పెద్దచేయి యనిపించుకొనిరి. ఒకసారి ఊరికి వచ్చినపుడు వివాహమాడి, అరుదుగ నలుగురు చేయని పనిని చేసిరి; భార్యను వెంట తీసికొనిపోయిరి. మా తాతమ్మ అచట ముఠాలోని ఒంటరి మగవారికి వెల పుచ్చుకొని కూడు వండి పెట్టుచుండెడిది. ముగ్గురు పిల్లలు కలిగిరి. ముగ్గురును రంగూనులోనే పుట్టిరి. మధ్య సంతానము మా అమ్మమ్మ.

ఆ బ్రతుకు నిశ్చింతగ సాగినదని చెప్పరాదు. 1930 మే నెలలో తెలుగు రేవు కూలీలు కూలి పెంపునకై సమ్మె చేసిరి. ఓడల సరుకు దింపించు యజమానులు వారి స్థానమున బర్మీయులను పనిలో పెట్టుకొనిరి. సమ్మె ముగియగానే ఆ బర్మీయులను వెడలగొట్టిరి. పని పోయినవారి కోపము యజమానులపైకి పోలేదు. తెలుగు కూలీలపైకి మరలినది. మే 26న మొదలైన అల్లర్లలో ఎందరో ప్రాణములు కోల్పోయిరి. 1938లో మరల అల్లర్లు చెలరేగెను. ఈ నడుమ, 1937 ఏప్రిల్ 1న, బర్మా హిందూదేశమునుండి పరిపాలనలో వేరుపడినది. మా ముత్తాతగారు దేశము దాటి పోయినవారు కారు. ఒక రాష్ట్రమునుండి మరియొక రాష్ట్రమునకు పోయినవారు. ఒక ఉదయమున లేచి చూచునప్పటికి పరదేశీయులైరి. సరిహద్దు వారిని దాటినది గాని వారు సరిహద్దును దాటలేదు.

1941 డిసెంబరు 23న జపాను విమానములు రంగూనుపై మొదటిసారి బాంబులు వేసెను. పట్టపగలు. అంతవరకు యుద్ధము ఎచటనో దూరమున జరుగునదే. ఆకాశమున విమానములు పోరాడుచుండగా జనులు వీధులలో నిలిచి తలయెత్తి చూచుచుండిరి. అందువలన మృతుల సంఖ్య మరింత పెరిగినది. క్రిస్మసు దినమున మరల దాడి జరిగినది. రేవు కూలీలు, పాకీవారు, రిక్షావారు వేలకొలదిగ నగరమును విడిచి ప్రోము రోడ్డు పట్టిరి. రేవు స్తంభించెను. నగరములోని చెత్త ఎత్తువారు లేరైరి. తాము నిత్యము చూచుచు చూడని మనుష్యులు ఎంత పని చేయుచుండిరో దొరలకు ఆ వారమున తెలిసివచ్చెను.

అపుడు ప్రభుత్వమునకు రెండు విరుద్ధమైన కోరికలు కలిగెను. ప్రజలు క్షేమముగ నుండవలెను. కూలీలు మాత్రము పోరాదు. పోయినవారిలో కొందరిని నచ్చజెప్పి వెనుకకు రప్పించిరి. ఓడ డెక్కుపై ప్రయాణము చేయుటకు వయస్సు వచ్చిన మగ కూలీలకు కొంతకాలము అనుమతి లేకపోయెను. అధిక వెల గల టిక్కెట్టు కొనగలవారు ఓడలలో పోయిరి. తక్కినవారికి కాళ్ళు మిగిలెను. 1942 మార్చి 8న జపాను సైన్యము రంగూనులో ప్రవేశించునాటికి నగరము ఇంచుమించు నిర్జనమయ్యెను.

మా వారు ఫిబ్రవరి మొదట బయలుదేరిరి. ఐదుగురు: ముత్తాతగారు, తాతమ్మ, పదునాలుగేండ్ల పెద్ద కుమారుడు, పదకొండేండ్ల మా అమ్మమ్మ, మూడేండ్ల చిన్నవాడు. ప్రోము రంగూనునకు సుమారు 160 మైళ్ళు. అంతవరకు రైలు దొరకినది. అచట ఐరావతి దాటి, అరకాను కొండలలో నూరు మైళ్ళకు పైబడి నడచినగాని టాంగుపు అను తీరపు గ్రామము రాదు. అది ఎండకాలపు ఆరంభము. దారిలో నీరు కరవు. అచటినుండి పడవలమీద అక్యాబునకు, పిమ్మట చిట్టగాంగునకు. ఇది ఒక దారి. మాండలే వైపు పోయినవారు చింద్విను నది మీదుగా టాము చేరి, మణిపురపు కొండలెక్కి, ఇంఫాలు దాటి దిమాపురము రైలు స్టేషనునకు వచ్చిరి. మే నెలలో వానలు మొదలైన పిదప, అన్ని దారులు మూసికొనగా, ఉత్తరపు హుకాంగు లోయలోని బురదలో నడచి అస్సాములోని లీడో చేరినవారి కష్టము అన్నింటికంటె ఘోరము.

ప్రోములో వేలమంది నది దాటుటకై గుమిగూడి యుండిరి. ఆ శిబిరములలో కలరా వ్యాపించెను. మా అమ్మమ్మ చిన్న తమ్ముడు అచట పోయినాడు. సాయంకాలము వాంతులు మొదలై తెల్లవారకముందే ముగిసినది. ఈ సంగతి అమ్మమ్మ నాకు ఒక్కసారి మాత్రమే చెప్పినది. దహనమునకు కట్టె లేదు. ఏటి యిసుకలో పెట్టినారు. మరునాడు పడవ దొరకినది; ఎక్కినారు. ఆ పడవను విడిచిపెట్టినచో మరల ఎన్నడు దొరకునో తెలియదు.

దారి పొడవున మనుష్యుల నడుమ రంగును బట్టి భేదము పాటింపబడెను. టాము దారియందు తెల్లవారికి, ఆంగ్లో-ఇండియనులకు ఒక మార్గము, భారతీయులకు మరియొక మార్గమని జనులు చెప్పుకొనిరి. "తెల్ల దారి", "నల్ల దారి" యను పేర్లే ఏర్పడెను. అపుడు వైస్రాయి కార్యనిర్వాహక సభలో విదేశ భారతీయుల శాఖను చూచుచున్న ఎం.ఎస్. ఆణే, హృదయనాథ్ కుంజ్రూ మొదలైనవారు స్వయముగ అస్సాము, మణిపురములకు పోయి పరిశీలించి, ఈ వివక్షను బయటపెట్టిరి. ఆ వసంతమున అలహాబాదులో సమావేశమైన అఖిల భారత కాంగ్రెసు సంఘము బర్మా కాందిశీకులను గూర్చి ప్రత్యేక తీర్మానము చేసినది. కొన్ని నెలలకే వచ్చిన క్విట్ ఇండియా ఉద్యమమునకు దేశము మనస్సు సిద్ధమగుటలో, ఈ నడచి వచ్చినవారు చెప్పిన మాటలకును పాలు కలదు. న్యాయముగ మరియొక మాటయు చెప్పవలెను. అస్సాము తేయాకు తోటల సంఘమువారు తమ తోట కూలీలతో దారులు సరిచేయించి, మజిలీలు కట్టించి, గంజి పోసి వేలమందిని బ్రతికించిరి. ఆ తోట కూలీలును తమ ఊళ్ళు విడిచి వచ్చినవారే.

మొత్తము మీద ఎందరు వచ్చిరి? ఇంచుమించు ఐదు లక్షలని చరిత్రకారుల అంచనా. ఎందరు దారిలో మరణించిరి? పదివేలని కొందరు, యాభైవేలని కొందరు, అంతకును మించియని మరికొందరు. ఐదింతల తేడా గల ఈ అంకెలే ఒక సత్యమును చెప్పుచున్నవి. వెళ్ళునప్పుడు వారిని ఓడ టిక్కెట్టును బట్టి లెక్కించిరి. పని చేయునప్పుడు మోసిన బస్తాలను బట్టి లెక్కించిరి. చనిపోవునప్పుడు లెక్కించినవారు లేరు.

మార్చి నెలలో మా వారు కలకత్తా మీదుగా శ్రీకాకుళం రోడ్డు స్టేషనులో దిగి, బండి దొరకక, పల్లెకు నడచి పోయిరి. దేశమునకు తిరిగివచ్చిరని మనము చెప్పుదుము. కాని ముగ్గురు పిల్లలును రంగూనులో పుట్టినవారని చెప్పితిని గదా. మిగిలిన ఇద్దరికి ఆ పల్లె ఎన్నడు చూడని ఊరు. అమ్మమ్మ మాటలో, "అందరూ ఇంటికొచ్చేసినామన్నారు. నాకు మాత్రం ఇల్లు వదిలొచ్చినట్టుండేది." తనఖా నేల చేయి మారిపోయియుండెను. అన్నదమ్ముల ఇంట అప్పటికే నోళ్ళు ఎక్కువ. పైగా బర్మా బియ్యము రాక నిలిచిపోగా ధరలు ఎగబ్రాకుచుండెను. ఎవరును పొమ్మనలేదు. కాని పదిరోజులు గడచునప్పటికి పెరుగు పిల్లల విస్తళ్ళకు రాలేదు. మా ముత్తాతగారికి ఆ భాష అర్థమయ్యెను. మరుదినమే కుటుంబముతో విశాఖపట్టణము చేరిరి.

విశాఖ అపుడు క్రొత్తగ పెరుగుచున్న పట్టణము. 1933లో రేవు తెరువబడినది. 1941 జూన్ 21న సింధియా కంపెనీవారి నౌకా నిర్మాణ కేంద్రమునకు బాబూ రాజేంద్రప్రసాదుగారు శంకుస్థాపన చేసిరి. రేవుపని ఎరిగినవానికి రేవే దిక్కని ముత్తాతగారి ఆలోచన. వచ్చి నాలుగైదు రోజులు ఒక సత్రపు అరుగుపై తలదాచుకొనిరి.

1942 ఏప్రిల్ 6న జపాను విమానములు విశాఖపట్టణముపైన, కాకినాడపైన బాంబులు వేసెను.

ప్రాణనష్టము స్వల్పమే. కాని పట్టణమంతయు మూటలు కట్టినది. బండ్లపై, రైళ్ళపై, కాలినడకను జనులు పల్లెలకు తరలిపోయిరి. ముత్తాతగారు కూడ లేచి నిలుచుండిరి. అపుడు మా తాతమ్మ సత్రపు అరుగుపై చతికిలబడి ఒకే మాట అన్నదట: "నానింక నడవనేను. ఏటయినా ఇక్కడే అవనీ."

ఆ మాటయే మా వంశమునకు విశాఖపట్టణమును సొంత ఊరు చేసినది. ఊరు విడిచి పోవుచున్న ఒక గృహస్థు, పెరటిలోని వంటపాకలో ఉండి ఇల్లు కనిపెట్టుకొనుడని వారికి తాళము ఒప్పగించెను. ఊరంతయు భయపడి పోవుచుండగా, భయపడుటకు ఓపిక మిగులని ఈ నలుగురికి నీడ దొరకినది. రేవున కూలీలు లేరు. చేయి తిరిగిన కళాసీకి ఆ వారమే పని దొరకినది. నెల తిరుగకముందే బర్మా నుండి వచ్చిన మరి నలుగురైదుగురు పాత ముఠావారు వెదకుకొనుచు వచ్చి చేరిరి. తాతమ్మ మరల పొయ్యి రాజేసి ఒంటరివారికి కూడు వండసాగెను. రంగూనులో చేసిన పనియే. పాత్రలు మాత్రము అరువు పాత్రలు.

క్రొత్త ఊరిలో బ్రతుకు ఎట్లు కుదురుకొనును అని నన్నడిగినచో, ఈ మూడింటినే చెప్పుదును: చేతిలోని పని, ఎరిగిన నలుగురు మనుష్యులు, పొయ్యి వెలిగించిన ఒక స్త్రీ. ధనము పోయినను, సామాను పోయినను, ముఠా అను బంధము మాత్రము కొండలు దాటి వచ్చినది. కులమును ఊరును చూచి రంగూనులో మేస్త్రీ కట్టిన కట్టు అది. మొదట అది వారిని అప్పులో బంధించినది, తుదకు వారిని నిలబెట్టినది. లోకములోని వస్తువులు పలుమారు ఇట్లు రెండు ముఖములతో నుండును.

ఆ వేసవిలోనే ముత్తాతగారు సహాయమును కోరి ఒక కార్యాలయమునకు అర్జీ పెట్టిరి. ఏ కార్యాలయమో చెప్పనక్కరలేదు. వారికి అక్షరజ్ఞానము లేదు. పొరుగున ఉన్న ఒక పంతులుగారు వ్రాసిపెట్టిరి. దాని నకలు మా మేనమామగారి ఇంటిలో రేకుపెట్టెయందు ఇప్పటికిని ఉన్నది, నేను చూచితిని. గళ్ళ కాగితము, క్రింద వేలిముద్ర. పోయిన ఆస్తి వివరములలో రెండు పెట్టెలు, వంటపాత్రలు, నూటయెనుబది రూపాయలు అని యున్నది. "కుటుంబ సభ్యుల సంఖ్య" అను చోట మొదట 5 అని వ్రాసి, దానిని కొట్టివేసి, ప్రక్కన 4 అని వ్రాయబడియున్నది. అమ్మమ్మ ఆ సమయమున అచటనే ఉండెనట. పంతులుగారు అడుగగా ముత్తాతగారు అలవాటుగ ఐదుగురమనిరి. గుమ్మములో నిలుచున్న తాతమ్మ నెమ్మదిగ "నలుగురం" అని దిద్దినది.

ఆ అర్జీకి జవాబు రాలేదు. అందు ఎవరిని తప్పుపట్టుటకును నేను పూనుకొనలేదు. అది యుద్ధకాలము, అట్టి అర్జీలు కుప్పలుగ పడియుండవచ్చును. కాని ఇరువది సంవత్సరములుగ కార్యాలయములలో వివరణ పట్టికలు తయారుచేయుచున్న నాకు, ఆ కొట్టివేత వంటి దిద్దుబాటు మరియొకటి కనబడలేదు. ప్రోము ఇసుకలో మిగిలిన ఆ బాలుని గూర్చి ఈ లోకములోనున్న లిఖిత సాక్ష్యము అదియొక్కటే. చరిత్రకారుని పదివేలకును యాభైవేలకును నడుమ ఎచటనో అతడున్నాడు.

యుద్ధము ముగిసిన పిదప, పోయినదానిని తిరిగి సంపాదింపవచ్చునను ఆశతో అనేకులు మరల బర్మా చేరిరి. ముత్తాతగారికిని మనస్సు లాగినది, తాతమ్మ సమ్మతింపలేదు. 1947లో బర్మా ప్రభుత్వము వలసలను నియంత్రించు చట్టము చేసినది. 1948 జనవరి 4న ఆ దేశము స్వతంత్రమయ్యెను. బర్మీయుల దృష్టితో చూచినచో వారి రాజధానిలో వారే అల్పసంఖ్యాకులై యుండిన కాలపు బాధ సామాన్యమైనది కాదు. ఆ వలసను నడిపినది సామ్రాజ్యము. దాని రుణమును తీర్చినవారు ఇరువైపుల పేదలు.

1962 మార్చి 2న జనరల్ నే విన్ సైనిక ప్రభుత్వము అధికారమునకు వచ్చినది. వర్తకము, దుకాణములు జాతీయము చేయబడెను. 1964 మే 17న యాభై, నూరు చ్యాటుల నోట్లు చెల్లవని ప్రకటన వెలువడినది. మిగిలియుండిన భారతీయులలో లక్షకు పైగా జనులు ఆ దశకమున స్వదేశమునకు మరలిరి. వెంట తెచ్చుకొను ధనముపై, నగలపై కఠినమైన ఆంక్షలుండెను. ఈసారి మాత్రము ఒక భేదము కలదు. వారిని తీసికొనివచ్చుటకు మన ప్రభుత్వమే ఓడలను ఏర్పాటు చేసినది. మద్రాసు, విశాఖపట్టణము రేవులలో దిగినవారికి శిబిరములు, అప్పులు, ఇండ్ల స్థలములు కల్పించు ప్రయత్నము జరిగినది. 1969లో బర్మా, సింహళముల నుండి వచ్చినవారి కొరకు కేంద్రప్రభుత్వ ప్రోత్సాహమున మద్రాసు కేంద్రముగ ఒక సహకార బ్యాంకు స్థాపింపబడినది. రెప్కో బ్యాంకు అను పేర అది నేటికిని పనిచేయుచున్నది. లోపములు లేకపోలేదు. అయినను 1942లో నడచి వచ్చినవారిని ఎదుర్కొని పేరు అడిగినవాడు లేడు. 1964లో వచ్చినవారి పేరు వ్రాసికొన్న ఒక గుమాస్తా రేవులో కూర్చుండి యుండెను. స్వరాజ్యమనగా ఏమియని పిల్లలు అడిగినచో ఈ భేదమును చూపవచ్చును.

విశాఖలోని కంచరపాలెమున బర్మా క్యాంపు అను పేట ఆ విధముగనే ఏర్పడినది. ఆ సంవత్సరములలో అమ్మమ్మకు ముప్పది మూడేండ్లు; తన పిల్లలు బడికి పోవుచుండిరి. క్రొత్తవారు వచ్చిరని విని అన్నపుగిన్నెతో శిబిరమునకు పోయినదట. ఇరువది రెండు సంవత్సరములుగ పలుకని బర్మీయ భాష ఆ దినమున ఆమె నోట వచ్చినది. తాము నివసించిన వీధి ఇంకను ఉన్నదా, ఆ మూలనున్న చింతచెట్టు ఉన్నదా యని అడిగినదట. ఉన్నదని ఎవరో చెప్పిరి. ఆ మాట నిజమో, ఆమె సంతోషము కొరకు చెప్పిరో తెలియదు. ఆ దినము నుండి ఒక కుటుంబమును ఆమె తన వంటపాకకు తెచ్చి ఆరు మాసములు ఉంచుకొన్నది. దస్తావేజులలో ఈ సాయము ఎచటను లేదు. కాని క్రొత్తగ వచ్చినవారు కుదురుకొనుటలో ప్రభుత్వపు అప్పు ఎంత తోడ్పడినదో, ముందు వచ్చినవారి వంటపాక అంతకు తక్కువ తోడ్పడలేదు.

అందరును రాలేదు. యాంగూను యని నేడు పిలువబడు రంగూనులోను, మోల్మేను ప్రాంతమునను తెలుగు కుటుంబములు ఈనాటికిని ఉన్నవి. కొన్ని తరములు గడచినను వారు తెలుగును పూర్తిగ విడువలేదు. వారికి అదియే సొంత ఊరు, అట్లే కావలెను.

మన సంఘము ప్రతి సంవత్సరము జరుపు ఉత్సవములలో రాజులను, కవులను, దేశనాయకులను స్మరించుచున్నాము. అది సముచితమే. వారితోపాటు, బస్తాలు మోసి ఒక మహానగరమును నిలబెట్టి, అది కాలిపోగా నడచి వచ్చి, మరియొక పట్టణమున మరల బస్తాలు మోసినవారిని కూడ స్మరింపవలెనని నా మనవి. మన సభ్యులలో ఉత్తరాంధ్రమువారి ఇండ్లలో ఇట్టి వృత్తాంతములు ఎన్నియో ఉండవచ్చును. నడచినవారు ఇంచుమించు అందరును గతించిరి; విన్నవారము మనము మిగిలియున్నాము. సెలవుపై ఊరికి పోయినపుడు పెద్దలను అడిగి, తెలిసినంత వ్రాసి ఉంచవలెను.

మన ఉద్యోగమును గూర్చి ఒక్క మాటతో ముగింతును. మన బల్లలపైకి నిత్యము పట్టికలు వచ్చును. వరదలో ఇన్ని కుటుంబములు, తుపానులో ఇన్ని కుటుంబములు, ఆనకట్ట క్రింద ఇన్ని కుటుంబములు అని అంకెలుండును. సంతకము చేసి పంపుచుందుము. నా వరకు, కుటుంబ సభ్యుల సంఖ్య అను గడి వచ్చినపుడెల్ల నా కలము ఒక్క క్షణము ఆగును. గుమ్మములో నిలుచున్న ఒక స్త్రీ ఆ అంకెను దిద్దుచున్నట్లు తోచును.